గోడమీది పాదాలు

ఆమెను ఆ వీధిలో అందరూ స్టేషనమ్మ అనే పిలిచేవారు. అసలు పేరు పెట్టి పిలిచే ఒక్క మనిషీ పోయాక ఆ పేరు కూడా వాడుకలోంచి తప్పుకుంది. ఇప్పుడు ఆమె చేసేది బూట్లు కుట్టే పని. అయినా స్టేషనమ్మే. జనం ఒకసారి ఒక పేరు తగిలించాక, మనం ఉద్యోగం మారినంత మాత్రాన వాళ్ళెందుకు మారుస్తారు?

రైల్వే స్టేషన్లో అద్దాల గదిలో మైకు ముందు కూర్చుని, ఏ బండి ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో, ఏది ఎంత ఆలస్యమో చెప్పడం ఆమె మొదటి ఉద్యోగం. గొంతు బాగుందని చేర్చుకున్నారు. ఆ గొంతే చివరికి ఆమెకు ఎసరు పెట్టింది. ఒక ఏడాది పైవాళ్ళు ఆమెను తలుపులు మూసిన గదిలో కూర్చోబెట్టి అంకెలన్నీ, ఊళ్ళ పేర్లన్నీ, "ఆలస్యానికి చింతిస్తున్నాం" అన్న మాటతో సహా చదివించి రికార్డు చేసుకున్నారు. ఆ తర్వాత ఆ ముక్కలు అతికించి బండ్లను పిలిచే పని ఒక యంత్రం చూసుకుంది. ఆమెను విచారణ కిటికీ దగ్గరికి మార్చారు. తను నోరు మూసుకుని కూర్చుంటే నెత్తిమీద తన గొంతే గడగడా మాట్లాడుతూ ఉండేది. కొందరు కిటికీ దగ్గరికి వచ్చి, "ఆ మైకులో ఆవిడ చెప్పేది ఒక్క ముక్క అర్థం కాదండీ, మీరైనా చెప్పండి" అని అడిగేవారు. ఆమె ఓపిగ్గా చెప్పేది.

"బతికుండగానే దయ్యాన్నయిపోయానండీ," అని ఒకరోజు మొగుడితో అంది.

"దయ్యాలకు పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయట. ఏదీ, నీవి చూడనీ," అన్నాడాయన.

పాదాల మీద హాస్యమాడే హక్కు ఆయనకు ఉంది. చిన్నప్పుడు వచ్చిన జ్వరమొకటి ఆయన కుడికాలిని పట్టుకుని వదిలిపెట్టింది. అప్పటినుంచి ఆ పాదం లోపలికి తిరిగి, మడమ దగ్గర లావెక్కి, తన ఇష్టమొచ్చినట్టు పెరిగింది. ఆయన పనిచేసింది గ్రంథాలయంలో. రోజంతా బీరువాల మధ్య తిరగడమే ఆ పని. కాలు సరిగా లేనివాణ్ణి ఏరికోరి తిరిగే పనిలో ఎవరు పెట్టారో గానీ, ఆయన ఏనాడూ సణగలేదు. నడుస్తుంటే ఎడమకాలు టక్కున పడేది, కుడికాలు జర్రున నేలను రాసుకుంటూ వచ్చేది. టక్కు, జర్రు. టక్కు, జర్రు. పెళ్ళయిన కొత్తలో ఆ చప్పుడు వింటే ఆమెకు జాలేసేది. తర్వాత అలవాటైంది. ఆ తర్వాత సాయంత్రం మెట్లమీద ఆ చప్పుడు వినపడితే తప్ప ఆమెకు రోజు గడిచినట్టు ఉండేది కాదు.

ఆయన ఆ బీరువాల మధ్యే పోయాడు. పై అరలోంచి పుస్తకం అందుకోబోయి కూలిపోయాడు. జనం చేరేసరికి అంతా అయిపోయింది.

చుట్టాలూ పరామర్శలూ తగ్గి ఇల్లు ఖాళీ అయ్యాక, ఒక సాయంత్రం ఆమె గిన్నెలు కడుగుతుంటే మెట్లమీద వినిపించింది. టక్కు, జర్రు. ఒక్కో అంతస్తూ ఎక్కి, ఆమె ఉండే మూడో అంతస్తు దాకా వచ్చి, తలుపు బయట ఆగింది. ఆమె చేతులు తుడుచుకుని తలుపు తీసింది. ఎవరూ లేరు.

ఇలాంటప్పుడు మామూలు మనిషైతే కెవ్వున కేకేసి పక్కింటివాళ్ళ మీద పడాలి. ఆమె కాస్త పక్కకు జరిగి, దారిచ్చి, తర్వాత తలుపు వేసింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. లోపలికి ఎవరూ వచ్చిన జాడ ఉండేది కాదు, కుర్చీ కిర్రుమనేది కాదు. గుమ్మం దాకా రావడమే. ఆమెకు అది చాలు. ఎప్పుడైనా చప్పుడు రావడం ఆలస్యమైతే మాత్రం చిర్రెత్తుకొచ్చేది. పోయాక కూడా వేళకు ఇంటికి రాకపోతే ఎలా?

ఆయన చివరిసారి కుట్టమని చెప్పిన జోడు ఏమైందో కనుక్కుందామని ఆమె ఆ బూట్ల దుకాణానికి వెళ్ళింది. వీధి మలుపులో, రోడ్డుమీంచి రెండు మెట్లు కిందికి దిగితే వచ్చే గది. కిటికీ సగం నేలలో ఉండటంవల్ల అందులోంచి చూస్తే వీధిలో పోయేవాళ్ళ మోకాళ్ళ కిందిభాగం తప్ప ఇంకేమీ కనపడదు. లోపల తోలు వాసన, మైనం వాసన, జిగురు వాసన. గోడలనిండా కొయ్య పాదాలు, జతలు జతలుగా తాడుకట్టి మేకులకు వేలాడుతున్నాయి. కొలతకు బూట్లు కుట్టే పద్ధతి అది. మనిషి పాదం కొలిచి, అచ్చం అలాంటిదే చెక్కలో చెక్కుతారు. తడిపిన తోలు దానిమీద లాగి, బిగించి, ఆ ఆకారం పట్టేదాకా ఆరబెడతారు. మనిషి బూట్లు వేసుకుని ఇంటికి పోతాడు. పాదాలు దుకాణంలో ఉండిపోతాయి.

ఆమె వెతకనక్కర్లేకపోయింది. తలుపుకు ఎదురుగా, కుడిది లోపలికి తిరిగిన జత ఒకటే ఉంది. బొటనవేలి పక్కన ఎముక పొడుచుకొచ్చిన చోట చిన్న తోలు ముక్క పెట్టి చీలలు కొట్టారు. ఏళ్ళు గడిచి ఎముక పెరిగినప్పుడల్లా దానిమీద ఇంకో ముక్క. ఆ పాదానికి ఆమె ఎన్నిసార్లు కాపడం పెట్టిందో.

దుకాణం మేస్త్రి ముసలాయన. ఒక చెవి వినపడదు. ఏది ఎప్పుడిస్తావని అడిగినా "రేపు" అంటాడు. ఆ రేపు ఆ నెలలో వస్తే అదృష్టమే.

"అవి నాకిస్తారా?" అని అడిగింది ఆమె.

"ఏవి?"

"మా ఆయన పాదాలు."

మేస్త్రి పెదాల మధ్య పట్టుకున్న చీలల్ని అరచేతిలోకి తీసుకున్నాడు. "ఇవ్వనమ్మా. అది పనికొచ్చే చెక్క. ఇలా ఎండి బిగిసిన చెక్క ఇప్పుడెక్కడ దొరుకుతోంది? మనిషి పోతే ఆ ముక్కలు పీకేసి, కాస్త చెక్కి, ఆ కొలతకు దగ్గరగా ఉన్న ఇంకొకాయనకు వాడుకుంటాం. ఈ గోడమీద ఒక్కో చెక్కలో ఎంతమంది ఉన్నారో నాకే గుర్తులేదు."

ఆమె ఆ జతవైపు ఒకడుగు వేసింది. "మరి దీన్నెప్పుడు చెక్కుతారు?"

"రేపు," అన్నాడు మేస్త్రి.

ఆ దుకాణంలో రేపు ఎంత దూరమో ఆమెకు తెలియదు. హడలిపోయింది. హడలిపోయిన మనిషి నోటికి ఏది వస్తే అది అంటుంది. "నాకు ఈ పని నేర్పుతారా?" అంది.

మనుషులు ఉద్యోగాలెందుకు మారతారో చెప్పమంటే పెద్దపెద్ద మాటలు చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఈవిడ మాత్రం ఒక జత కొయ్య పాదాలకు కాపలా కాయడానికి మారింది. చేతిపని మీద ప్రేమ లేదు, సొంత దుకాణం పెట్టాలన్న ఆశ లేదు. యాభైకి దగ్గరపడిన వయసులో, సూదిలో దారం ఎక్కించడానికి కళ్ళద్దాలు కావలసిన సమయంలో, పాదాల మీద ఎవరైనా ఉలి పెడతారేమోనన్న భయం ఒక్కటే ఉంది.

మేస్త్రి ఆమె అరచేతులు తిప్పి చూశాడు. "మైకు పట్టుకున్న చేతులు. బాగానే పాడవుతాయి. సరే, రేపు రా," అన్నాడు, వస్తుందని నమ్మక. ఆమె నిజంగానే మర్నాడు పొద్దున్నే వచ్చి తలుపు ముందు నిలబడింది. స్టేషన్లో రాజీనామా ఇస్తే ఎవరూ ఆపలేదు. వాళ్ళకు కావలసింది వాళ్ళు ఎప్పుడో తీసేసుకున్నారు.

నేర్చుకోవడం అంటే అంత సులువా? దారానికి మైనం పట్టించమంటే వేళ్ళకు పట్టించుకుంది. తోలుకు బెజ్జం పెట్టే ఆరెతో తోలుకంటే తన చేతికే ఎక్కువ బెజ్జాలు పెట్టుకుంది. తోలు కోసే కత్తి ఆమె గీసిన గీత మీద తప్ప అన్నిచోట్లా నడిచింది. "ఇదేం కుట్టమ్మా? చీమలు కొట్లాడుకున్నట్టుంది," అని మేస్త్రి విప్పించేవాడు. విప్పి కుట్టేది, మళ్ళీ విప్పేది. తల ప్రాణం తోకకు వచ్చేది. మధ్యాహ్నం కాగానే నడుం పట్టేసేది. తలెత్తి గోడమీది జతను ఒకసారి చూసుకుని మళ్ళీ వంగేది. మేస్త్రి అది గమనించాడు, గమనించనట్టు ఊరుకున్నాడు. చెక్కాల్సిన జత పక్కనుంచి రోజూ నడిచి ఇంకో జత తీసుకునేవాడు.

అలా చాలాకాలం గడిచాక ఒకరోజు వానపడుతుండగా, కిటికీలో గొడుగుల నీడలు పోతుండగా, ఆమె ఒక సోలు అంచును మొదటినుంచి చివరిదాకా ఆగకుండా కుట్టేసింది. చెయ్యి దానంతటదే పోయింది. దారం లాగినప్పుడల్లా సుయ్యిమంది. మేస్త్రి దాన్ని అటూ ఇటూ తిప్పి, విప్పమనకుండా పక్కన పెట్టాడు. ఆయన దగ్గర అంతకంటే పెద్ద మెప్పు లేదు. ఆమెకు చెప్పలేనంత సంతోషం వేసింది. మొగుడు పోయాక కలిగిన మొదటి సంతోషం అది. అందులో ఆయనకు వాటా లేకపోయేసరికి ఇంటికి వెళ్ళేదాకా ఏదో తప్పుచేసినట్టే ఉంది.

ఆ సాయంత్రం కూడా మెట్లమీద టక్కు, జర్రు వినిపించింది. తలుపు తీసి, "ఇవాళ కుట్టు బాగా వచ్చిందండీ," అని చెప్పింది.

ఒకసారి చెక్కలకు పురుగు పడుతోందని మేస్త్రి గోడలన్నీ ఖాళీ చేయించి, పాదాలన్నిటికీ నూనె రాయించి, మిద్దె మీద ఎండబెట్టించాడు. ఎండలో అన్ని జతలూ వరసగా ఉంటే, మనుషులు లేకుండా పాదాలు మాత్రమే ఎక్కడికో బయల్దేరినట్టుంది. ఆ సాయంత్రం ఆమె తలుపు దగ్గర కూర్చుంది. చప్పుడు రాలేదు. చీకటి పడింది, కింది అంతస్తులవాళ్ళందరూ ఇళ్ళకు చేరారు, చప్పుడు రాలేదు. మర్నాడు చెక్కలు మళ్ళీ గోడకెక్కాయి. సాయంత్రం టక్కు, జర్రు వచ్చింది. దాంతో ఆమెకు ఖాయమైపోయింది. ఆ పాదాలు అక్కడ ఆ ఆకారంలో వేలాడుతున్నంతకాలమే ఆయన ఇంటికొస్తాడు. వాటిమీద ఉలి పడితే ఇక రాడు.

ఆమె ఆడపడుచు ఆదివారాలు వచ్చేది. మనసు మంచిదే, నోరు మాత్రం ఆదివారం కూడా సెలవు తీసుకోదు.

"అన్నయ్య ఉంటే నిన్నిలా ఊళ్ళోవాళ్ళ బూట్లు కుట్టనిచ్చేవాడా వదినా? అద్దాల గదిలో కూర్చున్న మనిషివి! ఆ చేతులు చూడు, చెక్కపేళ్ళలా అయిపోయాయి. మా ఇంటికొచ్చి ఉండమంటే వినవు. ఈ ఇంట్లో ఏముందని?"

సరిగ్గా అప్పుడే మెట్లమీద చప్పుడు మొదలైంది. ఆమె చెయ్యెత్తి ఆడపడుచును ఆపింది. టక్కు, జర్రు. టక్కు, జర్రు. దగ్గరికి వచ్చింది, గుమ్మం ముందు ఆగింది.

"ఏంటి వదినా, అలా చూస్తావు? ఎవరైనా వస్తామన్నారా?" అంది ఆడపడుచు, సంచిలోంచి తను తెచ్చిన పళ్ళు తీస్తూ. తోడబుట్టిన అన్న అడుగులు ఆమెకు వినపడలేదు. స్టేషనమ్మకు ఆడపడుచు మీద జాలీ, ఆ జాలి కింద కాస్త గర్వమూ కలిగాయి. ఆయన తన ఒక్కదానికే వస్తున్నాడు.

మేస్త్రికి చెయ్యి వణకడం మొదలైంది. చూపూ మందగించింది. ఒకరోజు వీధి చివర సెలూన్ నడిపే ఆయన వచ్చి, పొద్దస్తమానం నిలబడి కాళ్ళు లాగేస్తున్నాయని, ఒక మంచి జోడు కావాలని అడిగాడు. సెలూనాయన మాటల పుట్ట. కత్తెర ఆడినంతసేపూ నోరూ ఆడాలి గదా, ఆ అలవాటు కత్తెర లేనప్పుడూ పోలేదు. ఆయన మాట్లాడుతుంటే మేస్త్రి పాదాలు కొలిచి, వినపడని చెవి అటు తిప్పి, పని పూర్తిచేసుకున్నాడు.

ఆయన వెళ్ళాక మేస్త్రి గోడవైపు చూపించాడు. "ఈ జోడు మొదటినుంచి చివరిదాకా నీదే స్టేషనమ్మా. అదిగో, మీ ఆయన చెక్క దీనికి సరిపోతుంది. ఎడమది ఉన్నదున్నట్టే వస్తుంది. కుడిదాంట్లో లావు ఎక్కువుంది, ఆ వంకర చెక్కేస్తే లోపల్నుంచి తిన్నటి పాదం తీయొచ్చు. చెక్కగలవా?"

ఎన్నాళ్ళుగానో భయపడుతున్న రేపు అలా, మామూలు మధ్యాహ్నం పూట, ఒక మాటలో వచ్చేసింది. చెక్కలేనంటే మేస్త్రే చెక్కేస్తాడు. చెక్కుతానంటే అది తన చేతిలోకైనా వస్తుంది. "చెక్కుతాను," అంది.

చెక్కలేదు. మేస్త్రి భోజనానికి వెళ్ళినప్పుడు కుడి పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఉలి తీసింది, పెట్టేసింది. చివరికి ఆ పాదాన్ని ఉన్నదున్నట్టే ఉంచి, దానిమీదే తోలు లాగి బిగించింది. సెలూనాయన పాదం అందులో వదులైన చోట్ల లోపల మెత్తటి తోలు పొరలు అతికించి సర్దింది. కుట్టు మాత్రం అద్భుతంగా వచ్చింది. అంత మంచి కుట్టు ఆమె అంతకుముందు వేయలేదు. పని రానివాళ్ళు ఇలాంటి తప్పు చేయలేరు. వంకర మీద తిన్నగా కనపడే బూటు కుట్టాలంటే పని బాగా వచ్చి ఉండాలి. మేస్త్రి మసక కళ్ళతో కుట్టు తడిమి చూసి తలూపాడు. చెక్క తిరిగి గోడకెక్కింది.

సెలూనాయన వేసుకుని రెండడుగులు వేశాడు. ఒక్క క్షణం మాట ఆగింది, అదే ఒక వింత. "బాగున్నాయమ్మా. కొత్తవి గదా, సర్దుకుంటాయి," అన్నాడు.

ఆ తర్వాత కొన్ని వారాలు ఆమె హాయిగా ఉంది. సాయంత్రాలు చప్పుడు వస్తూనే ఉంది. మోసం చేశానన్న బాధ లేకపోలేదు గానీ, ఎవరికేం నష్టం జరిగిందని?

ఒక మధ్యాహ్నం ఆమె దారానికి మైనం పట్టిస్తుంటే వీధిలోంచి వినిపించింది. టక్కు, జర్రు. టక్కు, జర్రు.

మెట్లమీద కాదు, ఇంట్లో కాదు. పట్టపగలు, నలుగురూ నడిచే బాటమీద. దారం చేతిలోంచి జారిపోయింది. లేచి నిలబడింది. ఒళ్ళంతా ఝల్లుమంది. భయంతో కాదు, పట్టలేని సంతోషంతో. ఇన్నాళ్ళూ గుమ్మం దాకా వచ్చిన మనిషి ఇప్పుడు తన పని చూడటానికి దుకాణానికే వస్తున్నాడు. "వచ్చారా!" అని పైకే అనేసింది. మేస్త్రి తలెత్తి చూశాడు. కిటికీలో రెండు బూట్లు కనిపించాయి. ఎడమది టక్కున పడింది, కుడిది జర్రున ఈడ్చుకొచ్చింది. ఆ బూట్లమీది కుట్టు ఆమెదే. అవి తలుపువైపు తిరిగి, రెండు మెట్లు దిగాయి. లోపలికి వచ్చినవాడు సెలూనాయన.

రెప్పపాటు కాలం ఆమెకు ఆయన మీద, వచ్చింది నువ్వెందుకయ్యావన్న కోపం వచ్చింది.

"ఏమీ అనుకోకమ్మా," అన్నాడు సెలూనాయన, బల్లమీద కూలబడుతూ. "బూట్లు బ్రహ్మాండంగా ఉన్నాయి. అందరూ కుట్టు చూసి మెచ్చుకుంటున్నారు. నా కాలే ఎందుకో సరిగా లేనట్టుంది. సాయంత్రమయ్యేసరికి అరికాల్లో నిప్పులు పోసినట్టుంటోంది. మా ఆవిడ నవ్వుతోంది, ఎవరి నడక తెచ్చుకున్నావయ్యా ఇంటికి అని."

కుడి బూటు విప్పాడు. పాదం ఎర్రగా కమిలి, బొటనవేలి పక్క చర్మం ఊడిపోయి ఉంది. బూటు తీసేసినా ఆ పాదం లోపలికే తిరిగి ఉంది. ఆయన చేత్తో దాన్ని తిన్నగా పెట్టుకున్నాడు. వదిలేయగానే మళ్ళీ లోపలికి తిరిగింది. నిలబడి బతికే మనిషి ఆయన. మెట్లమీది అడుగులకు ఇన్నాళ్ళూ రాని భయమంతా ఆ పాదాన్ని చూడగానే ఆమెకు ఒక్కసారిగా వచ్చింది.

మేస్త్రి లేచి గోడమీంచి చెక్క దించాడు. బొటనవేలితో తడిమాడు. తోలు ముక్కలు, చీలలు, వంకర, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆయనకు అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా సెలూనాయన ముందు ఒక్క మాట అనలేదు. "కొన్నాళ్ళు చెప్పులేసుకో బాబూ. రేపు మధ్యాహ్నం ఒకసారి రా, చెక్కతో సరిచూస్తాం," అని పంపేశాడు. ఆ రేపు నిజంగా రేపేనని ఆమెకు అర్థమైంది.

"పోయినాయన నడక తీసుకెళ్ళి బతికున్నాయన కాళ్ళకు తొడిగావు," అన్నాడు మేస్త్రి, సెలూనాయన కాళ్ళు కిటికీ దాటిపోయాక. "ఇదేం పనమ్మా?"

ఆమె కిందపడిన దారం తీసి వేలికి చుట్టసాగింది.

"పైగా ఆ మనిషి కుంటుకుంటూ వస్తుంటే నీ మొహం ఎలా వెలిగిందో నేను చూశాను. నాదీ తప్పుంది. నువ్వొచ్చిన మొదటిరోజే దీన్ని చెక్కేయాల్సింది. పోనీలే, చూసుకోనీ అని ఊరుకున్నా." చెక్కల జతను బల్లమీద ఆమె ముందు పెట్టాడు. "కావాలంటే తీసుకెళ్ళు. ఇవ్వనన్నాను గదా, ఇప్పుడిస్తున్నా. సంచిలో పెట్టి మరీ ఇస్తా. కానీ తీసుకెళ్తే మళ్ళీ ఈ మెట్లు దిగకు. పని కావాలంటే రేపు పొద్దున నా కళ్ళముందు దీన్ని చెక్కు."

ఆమె చెక్క ముట్టుకోకుండానే ఇంటికి వెళ్ళింది. సాయంత్రం చప్పుడు వచ్చింది, గుమ్మం ముందు ఆగింది. ఆమె తలుపు బార్లా తీసి, ఖాళీ వసారా వంక చూస్తూ నిలబడింది.

"నన్నేం చేయమంటారు?" అని అడిగింది. "మీరు రాకపోతే ఈ ఇంట్లో నేనెలా ఉండను? అలాగని అక్కడికి పోకపోతే పగలంతా ఏం చేసుకోను? నాకు చేతకానిదంటూ లేదు ఇప్పుడు అక్కడ. మీకు తెలియదు, నేను ఎంత బాగా కుడుతున్నానో." గడప మీద కూలబడి, "ఆ సెలూనాయన కాలు చూశానండీ. మీ కాల్లాగే అయిపోతోంది. ఆయనకది పుట్టుకతో రాలేదు, జ్వరంతో రాలేదు. నేను పెట్టాను," అంది. అంటూనే ఏడ్చేసింది. బతికున్నప్పుడు కూడా ఆయన ఇలాంటి వాటికి వెంటనే జవాబు చెప్పే మనిషి కాదు.

పొద్దున దుకాణంలో ఆమె చెక్కను మోకాళ్ళ మధ్య ఇరికించుకుంది. ముందు చీలలు పీకింది. పై తోలు ముక్క ఊడింది. దాని కింద ఇంకో ముక్క, కాస్త చిన్నది. ఒక్కో ముక్క తీస్తున్నకొద్దీ ఎముక పొడుపు తగ్గుతూ, పాదం వయసు తగ్గుతూ వచ్చింది. ఇది గ్రంథాలయం కొత్త భవనంలోకి మారిన ఏటిది. ఇది తమ పెళ్ళినాటిది. అట్టడుగు ముక్క తీసేసరికి ఆమె ఎన్నడూ చూడని పాదం బయటపడింది, ఆమె పరిచయం కాకముందు ఆ కుర్రవాడు ఒంటరిగా ఈడ్చుకుంటూ తిరిగిన పాదం. ముక్క కింద గాలీ వెలుతురూ తగలని చోట చెక్క ఇంకా పాలలా తెల్లగా ఉంది. ఆమె దానిమీద చెయ్యి వేసి కాసేపు ఉంచింది.

తర్వాత ఉలి పెట్టింది. మొదటి పెచ్చు లేచినప్పుడు ఆమె నోట్లోంచి వచ్చిన చప్పుడుకు మేస్త్రి వినపడని చెవిని ఆమెవైపు తిప్పుకుని, పనిలేని పనేదో వెతుక్కున్నాడు. మడమ దగ్గర లావు తీసింది. లోపలికి తిరిగిన వేళ్ళ వరసను కొంచెం కొంచెంగా చెక్కుతూ బయటికి తెచ్చింది. పెచ్చులు ఒళ్ళో పడ్డాయి, కాళ్ళ దగ్గర పడ్డాయి. ఆకురాయితో నునుపు చేసింది. ఎక్కడ ఆపాలో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది, చేతికి తెలిసింది. అంత బాధలోనూ చెయ్యి తన పని తప్పు లేకుండా చేసుకుపోతుంటే ఆమెకు తన చేతిమీద తనకే కోపం వచ్చింది. మధ్యాహ్నానికి జత తయారైంది. రెండూ తిన్నగా ఉన్నాయి. ఆమె ఎరిగిన మనిషెవరూ వాటిలో లేరు.

సెలూనాయన వస్తే చెక్క పక్కన ఆయన పాదం పెట్టి సరిచూసింది. కమిలిన చోట వేలు తగలకుండా చూసుకుంది. "మునుపటి జోడు నా వల్ల పాడైంది. ఇది సరిగా వస్తుంది," అని చెప్పింది. ఆయన ఎప్పటిలా ఏదేదో మాట్లాడాడు, ఆమె ఊకొట్టింది.

సాయంత్రం ఇంటికొచ్చి చేతులు కడుక్కుంది. స్టవ్ వెలిగించలేదు. తలుపు దగ్గర పీట వేసుకుని కూర్చుంది. రాదని తెలుసు. అయినా కూర్చుంది, రాకపోవడాన్ని దగ్గరుండి చూడాలనుకుంది. వేళ దాటింది. కింది అంతస్తుల్లో తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి.

అప్పుడు మెట్లమీద అడుగులు వినిపించాయి. టక్కు, టక్కు. టక్కు, టక్కు.

పై అంతస్తువాళ్ళెవరో అనుకుంది. రెండు అడుగులూ ఒకేలా పడుతున్నాయి. కానీ రెండో అంతస్తు మలుపు దగ్గర అవి ఆగాయి. ఆయన ఏళ్ళ తరబడి అక్కడే, కడ్డీ పట్టుకుని, ఊపిరి తీసుకోవడానికి ఆగేవాడు. కాలు బాగుపడినా అలవాటు పోలేదు. ఆమె లేచి నిలబడింది. గడియ మీద చెయ్యి వేసింది. అడుగులు మళ్ళీ కదిలాయి. తేలిగ్గా, కాస్త తొందరగా, ఎక్కడికో వెళ్ళే పనున్న కుర్రవాడి అడుగుల్లా వచ్చాయి. జీవితం మొత్తంలో ఒక్కరోజైనా ఆయన అలా నడవలేదు. ఆ నడక వింటుంటే ఆమెకు గుండె నిండిపోయింది, అంతలోనే పగిలిపోయింది.

గుమ్మం ముందు అవి ఆగలేదు. తలుపు దాటి, పై మెట్లవైపు సాగిపోయాయి.

గడియ తీస్తే పిలవొచ్చు. పిలిస్తే ఆగుతాడేమో. ఆమె గడియ తీయలేదు. పెళ్ళయిన నాటినుంచి రోజూ పొద్దున ఇదే గుమ్మంలో నిలబడి ఆయనతో 'వెళ్ళిరండి' అనేది. బయల్దేరే మనిషితో ఎవరైనా అలాగే అంటారు. వట్టి 'వెళ్ళండి' అని ఎవరూ అనరు. ఆమె మూసిన తలుపుకు నుదురు ఆనించింది.

"వెళ్ళండి," అంది.

రండి అన్న ముక్క నోటిదాకా వచ్చింది. దాన్ని మింగేసింది.